జపాన్ బడి బ్యాండులో చేరితే పిల్లల వ్యక్తిత్వం అణిగిపోతుందా?

మీ అబ్బాయి జపాన్‌లో మిడిల్ స్కూలు బ్యాండులో చేరాడనీ, శని ఆదివారాలు కూడా సాధనకే వెళుతున్నాడనీ, ఇలా గుంపులో కలిసిపోతే తనదంటూ ఏమైనా మిగులుతుందా అనీ అడిగారు. మా అమ్మాయి టోక్యోలోని ఒక ప్రభుత్వ మిడిల్ స్కూలు బ్యాండులో మూడో ఏడాది వేసవి దాకా హార్న్ (చుట్టలు తిరిగిన గొట్టంతో ఉండే ఇత్తడి ఊదే వాద్యం) వాయించింది. నేను చూసినంతలో వ్యక్తిత్వం అణిగిపోదు. కాకపోతే మనకు అలవాటైన రూపంలో కనిపించదు.

అక్కడ తరగతిలో చెప్పే సంగీతం వేరు, బ్యాండు వేరు. బ్యాండు బడి గంటల తర్వాత నడిచే క్లబ్బు. బాధ్యత ఒక ఉపాధ్యాయుడిదే అయినా, కొత్తవారికి వాద్యానికి పెదవి పెట్టడం మొదలుకొని కుర్చీలు సర్దడం దాకా నేర్పేది ఎక్కువగా పై తరగతి పిల్లలే. ఎవరు ఏ సంవత్సరం, ఏ వాద్యం అన్నదే అక్కడ మొదటి పరిచయం. ఆ వాద్యమైనా పూర్తిగా వారు ఎంచుకున్నది కాదు: ఏప్రిల్‌లో చేరినవారు రకరకాల వాద్యాలు ఊది చూసి కోరికలు రాసిస్తే, పెదవుల తీరునూ ఖాళీలనూ బట్టి కేటాయిస్తారు. మా అమ్మాయి ఫ్లూట్ అడిగింది, హార్న్ వచ్చింది. కవాతు పాటల్లో హార్న్‌కు పాట, అంటే ప్రధాన వరస, దక్కడం అరుదు. అడుగు స్వరాలు పలికే పెద్ద ఇత్తడి వాద్యం ట్యూబా వేసే దెబ్బకూ దెబ్బకూ నడుమ ఖాళీలో ఊదడమే దాని పని. అందుకు మొదటి ఏడాది ఇంట్లో ఎంత గొణిగిందో చెప్పలేను.

ఒక సాయంత్రం సాధన చూడటానికి తల్లిదండ్రులను రానిచ్చారు. ట్యూబాలు షడ్జం, క్లారినెట్లు పంచమం పట్టి నిలబెడితే హార్న్‌లు గాంధారం చేర్చాలి. స్వరం సరిగా ఉందో చూపే ట్యూనర్ సూది సరిగ్గా నడుమ నిలిచినా శబ్దంలో ఏదో వణుకు. మాస్టారు ఇంకొంచెం దించమన్నారు. సుమారు 14 సెంట్లు, అంటే అర్ధస్వరంలో ఏడో వంతు దించగానే వణుకు పోయి మూడు స్వరాలూ ఒక్కటిగా మోగాయి. తంబురా వింటూ అంతర గాంధారం పట్టిన మన చెవికి ఇది తెలిసిన చోటే. ఇంతమందిలో ఆ సవరణ చేయవలసింది గాంధారం చేతిలో ఉన్న పిల్లలే, అదీ పక్కవారిని వింటూ. మా అమ్మాయి తన గురించి తాను చెప్పుకునే తీరు ఆ తర్వాతే మారింది. "నాకు పాట లేదు" అనడం మానేసి, "ఇక్కడ గాంధారం మాది" అనడం మొదలుపెట్టింది.

అయితే దీనికి వెల ఉంది, అది పోటీల రూపంలో కనిపిస్తుంది. 1939లో ఏర్పడిన అఖిల జపాన్ బ్యాండ్ సంఘం 1940లో మొదలుపెట్టిన పోటీ రెండో ప్రపంచ యుద్ధం వల్ల ఆగి, 1956లో తిరిగి ప్రారంభమైంది. జాతీయ స్థాయికి తీసుకెళ్లే విభాగంలో సంఘం ప్రకటించిన పాటల్లో ఒకటి, బడి ఎంచుకున్నది ఒకటి, రెండూ కలిపి 12 నిమిషాల్లో ముగించాలి, దాటితే అనర్హులే. ఫలితాన్ని బంగారు, వెండి, కంచు శ్రేణులుగా ప్రకటిస్తారు గనుక ఒకే మెట్టులో పలు బడులకు బంగారం రావచ్చు, వచ్చినా పై మెట్టుకు ఎంపిక కాకపోవచ్చు. ఆ 12 నిమిషాల కోసం నెలల తరబడి అవే రెండు పాటలు నూరడం సంగీత విద్య దృష్ట్యా నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పైగా మూడో ఏడాది, అంటే మిడిల్ స్కూలు చివరి ఏడాది, పిల్లల్లో చాలామంది వేసవి పోటీ తర్వాత తప్పుకుంటారు. హార్న్ బడిదే కాబట్టి, మా అమ్మాయి వాల్వులకు నూనె వేసి దాన్ని కింది తరగతి పిల్లకు అప్పగించింది. ఆ సెప్టెంబరులో సాయంత్రాలు ఏం చేయాలో తోచక ఇల్లంతా తిరిగేది. మీరు భయపడవలసింది, నన్నడిగితే, ఈ ఘట్టానికి.

కాబట్టి మీ అబ్బాయికి ఏ పతకం వచ్చిందని కాకుండా, ఈ పాటలో అతని వాద్యం పని ఏమిటని అడగండి. జవాబు చెప్పడానికి ఉత్సాహపడితే ఇబ్బంది లేదు. సాధన గంటల సంగతికి వస్తే, బ్యాండు లాంటి సాంస్కృతిక క్లబ్బులకు 2018 డిసెంబరులో ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది: వారానికి కనీసం రెండు రోజుల సెలవు, అందులో ఒకటి శని ఆదివారాల్లో, బడి రోజుల్లో సుమారు రెండు గంటలు, సెలవు రోజుల్లో సుమారు మూడు గంటలు మించని సాధన. సాధన పట్టిక అడిగి తీసుకుని దీంతో పోల్చి చూడండి. తేడా కనిపిస్తే బాధ్యత చూసే ఉపాధ్యాయుడితో నేరుగా మాట్లాడండి, మీ అబ్బాయి చేత అడిగించకండి. పై తరగతి పిల్లల ముందు అతను ఇరుకున పడతాడు.