కట్టు మార్చేటప్పుడు వీఆర్ హెడ్‌సెట్ పెడితే పిల్లలకు నొప్పి నిజంగా తగ్గుతుందా?

వేడి గంజి కాలి మీద పడిన మీ ఆరేళ్ల బాబుకు రోజు విడిచి రోజు కట్టు మార్చవలసి వస్తోందని, ఆసుపత్రి పేరెత్తితేనే వణికిపోతున్నాడని, వీఆర్ హెడ్‌సెట్ (కళ్లకు తొడుక్కుంటే వేరే లోకంలో ఉన్నట్టు చూపించే పరికరం) ఒకటి కొని వెంట తీసుకువెళితే ఫలితం ఉంటుందా అని అడిగారు. నేను కోనసీమలో ఒక ప్రైవేటు ఆసుపత్రి పిల్లల వార్డులో స్టాఫ్ నర్సును. మా వార్డులో హెడ్‌సెట్ వాడుతున్నాం కాబట్టి కళ్లారా చూసినదాన్ని బట్టి చెబుతున్నాను. చాలామంది పిల్లలకు నొప్పి బాధ తగ్గుతుంది. అయితే అది నొప్పి మందుకు తోడుగా వాడినప్పుడే. పైగా పరికరం ఎంత ఖరీదైనదన్న దానికంటే, దాన్ని ఏ సమయంలో పెట్టారు, పక్కన ఎవరు కూర్చుని మాట్లాడారు అన్నదాని మీదే ఫలితం ఎక్కువగా ఆధారపడుతుంది.

ఈ పద్ధతి మొదలైందే కాలిన గాయాల రోగుల కోసం. అమెరికాలోని సియాటిల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ తమ తొలి పరిశీలనను 2000లో ప్రచురించారు. కాలిన గాయాలకు చికిత్స పొందుతున్న ఇద్దరు యువకులు, మామూలు వీడియో గేమ్ ఆడినప్పటికంటే వీఆర్‌లో ఉన్నప్పుడు నొప్పి బాగా తక్కువగా ఉందని చెప్పారు. ఆ తరువాత వాళ్లు తయారుచేసిన స్నోవరల్డ్ అనే వీఆర్ ఆటలో రోగి మంచులోయలో సాగిపోతూ మంచుబొమ్మల మీదకు, పెంగ్విన్ల మీదకు మంచు ఉండలు విసురుతూ ఉంటాడు. 2004లో ఆరోగ్యవంతులైన వాలంటీర్ల పాదానికి వేడి తగిలించి మెదడును స్కాన్ చేసినప్పుడు, వీఆర్‌లో ఉన్నంతసేపూ నొప్పికి సంబంధించిన భాగాల్లో చురుకుదనం తగ్గినట్టు కనిపించింది. అంటే పిల్లలు మన మాట కాదనలేక తగ్గిందని చెప్పడం కాదు, మెదడులోనే తేడా ఉంటోంది.

కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. నొప్పి తెలియాలంటే దాని మీద ధ్యాస ఉండాలి, ఆ ధ్యాసకు ఒక హద్దు ఉంటుంది. ఆటలో గురి చూడటం, తప్పించుకోవడం, తరువాత ఏమి వస్తుందోనని ఎదురుచూడటం దానిలో పెద్ద వాటా తీసుకుంటాయి. దీనికి తోడు హెడ్‌సెట్ కళ్లను పూర్తిగా కప్పేస్తుంది. ట్రేలో కత్తెర, ఫోర్సెప్స్ పెట్టిన చప్పుడుకే ఏడుపు అందుకునే పిల్లలను రోజూ చూస్తాను. వాళ్ల బాధలో ఎంతో భాగం చెయ్యి వేయకముందే మొదలవుతుంది.

అందుకే హెడ్‌సెట్‌ను డ్రెస్సింగ్ గదిలోకి తీసుకువెళ్లాక కాకుండా, అంతకుముందే వార్డు మంచం మీద పెట్టి కాసేపు ఆడనిస్తాం. లంక గ్రామం నుంచి పదకొండేళ్ల పాప ఒకామె పాదం కాలి వచ్చింది. ఆ అమ్మాయి సముద్రం అడుగున తిరిగే ప్రోగ్రామ్ ఎంచుకుంది. కట్టు అడుగు పొర గాయానికి అంటుకుపోయి ఉండటంతో నేను సెలైన్ పోస్తూ, గుడ్డ నానేదాకా ఆగి, అంచు నుంచి కొద్దికొద్దిగా లేపుతున్నాను. ఆ పాప ఎదురుగా వచ్చిన ప్రతి చేపకూ మన గోదావరి పేరే పెడుతూ, "సిస్టరండీ, ఇది పండుగప్పండి, ఆ వెనకాలది పులసేమోనండి" అని చెబుతూ ఉంది. చివరి పొర వచ్చేటప్పుడు కాలివేళ్లు ముడుచుకుని "మంటండీ" అంది. కాని కాలు లాక్కోలేదు, చెయ్యి గాయం మీదకు రాలేదు, మళ్లీ చేపల్లోకి వెళ్లిపోయింది. నొప్పి పూర్తిగా పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. భరించగలిగేంతకు దిగుతుంది, నలుగురు పట్టుకోవలసిన అవసరం తప్పుతుంది. మా దృష్టిలో అది చాలా పెద్ద మార్పు.

అందరికీ ఇలా కుదరదన్నదీ నిజమే. కొందరు పిల్లలకు కళ్లు మూసుకుపోయినట్టుండి భయం ఇంకా పెరుగుతుంది. తనకు ఏం చేస్తున్నారో చూస్తూ ఉంటేనే కుదురుగా ఉండే పిల్లలు కూడా ఉంటారు, వాళ్లను బలవంతపెట్టకూడదు. కొందరికి తల తిరిగి వాంతి వచ్చినట్టుంటుంది. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉన్నా, ముఖం మీద గాయాలున్నా మేము పెట్టము. చిన్న చిన్న చిక్కులు వేరే. కొబ్బరినూనె రాసిన జుట్టు మీద పట్టీ జారిపోతుంది, మన ఉక్కపోతకు అద్దాల మీద ఆవిరి పడుతుంది, ఒక పిల్లవాడి తరువాత మరొకరికి పెట్టేముందు శుభ్రంగా తుడవాలి. పరిశోధనల సంగతి చెప్పాలంటే, వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2020 నాటి సమీక్ష 17 అధ్యయనాలను, 1008 మంది పిల్లలను పరిశీలించి, ప్రయోజనం ఉండవచ్చు గాని ఆధారాలు ఇంకా బలంగా లేవని చెప్పింది.

ఒక విషయంలో మాత్రం నాకు గట్టి అభిప్రాయం ఉంది. "బొమ్మలు చూడు, ఏమీ చెయ్యం" అని చెప్పి, హెడ్‌సెట్ పెట్టాక చాటుగా కట్టు విప్పడం మొదలుపెడితే, ఆ పిల్లవాడు ఆ పరికరాన్నీ మనల్నీ ఇక ఎన్నటికీ నమ్మడు. "ఇప్పుడు తడుపుతున్నాను, కాస్త చల్లగా ఉంటుంది, ఇప్పుడు లాగుతాను, మంట పుట్టవచ్చు, ఆపమంటే ఆపుతాను" అని ముందే చెప్పి, ఆ మాట నిలబెట్టుకోవాలి.

ఇక మీ బాబు విషయం. కొనవద్దనే చెబుతాను. మార్కెట్లో ఎక్కువగా దొరికే మెటా క్వెస్ట్ అనే హెడ్‌సెట్‌ను పదేళ్ల లోపు పిల్లలు వాడకూడదని తయారీ సంస్థే చెబుతోంది. అధ్యయనాల్లో నాలుగేళ్ల వాళ్లు కూడా ఉన్నారు గాని, అక్కడ పక్కనే వైద్య సిబ్బంది ఉన్నారు. మీ ఆసుపత్రిలో హెడ్‌సెట్ ఉండి, డాక్టరుగారు సరేనంటే కొద్ది నిమిషాలు వాడవచ్చు. లేకపోతే ఫోనులో వాడికి ఇష్టమైన ఆటతో, అదీ ఊరికే చూసే వీడియో కాక వేలితో ఆడే ఆటతో, అదే పని చాలావరకు జరుగుతుంది. మీరు మంచం తలవైపు కూర్చుని, గాయం కనబడకుండా ఫోను ముఖానికి ఎదురుగా పట్టుకుని, ఆట గురించి ఆపకుండా ప్రశ్నలు వేస్తూ ఉండాలి. ఆ ఆటను ఇంట్లో ఇవ్వకుండా కట్టు రోజుకే ఉంచితే ఇంకా మంచిది.

వీటన్నిటికంటే ముందు డాక్టరుగారిని అడగవలసినవి ఉన్నాయి. బరువును బట్టి ఇచ్చే నొప్పి మందు కట్టు విప్పే సమయానికి పనిచేయడం మొదలుపెట్టాలంటే ఇంటి దగ్గర ఎన్ని గంటలకు వేయాలో అడగండి. చాలామంది తల్లిదండ్రులు ఏడుపు మొదలయ్యాక అడుగుతారు, అప్పటికి ఆలస్యమైపోతుంది. కొన్ని రోజులపాటు మార్చకుండా ఉంచగలిగే సిల్వర్ డ్రెస్సింగ్‌లు (వెండి కలిసిన కట్లు) మీ బాబు గాయానికి సరిపోతాయేమో కూడా అడగండి, అలా కుదిరితే బాబుకు ఈ బాధ పడే రోజులే తగ్గుతాయి. రక్తపరీక్షకో సెలైన్‌కో సూది పొడవవలసి వస్తే, గంట ముందు రాసే మొద్దుబారే క్రీము ఉంది. దాన్ని మామూలు చర్మం మీదే రాయాలి, కాలినచోట ఎంతమాత్రం రాయకూడదు.