టెక్ సందేహాలు: పాట రికార్డు చేయడానికి పుట్టిన తేదీ ఎందుకు?

సందేహం: మాది కావలి దగ్గర పల్లె. మా భజన బృందం పాటలు ల్యాప్‌టాప్‌లో రికార్డు చేద్దామని, ఉచితంగా వచ్చే స్టూడియో సాఫ్ట్‌వేర్ ఒకటి డౌన్‌లోడ్ చేశాను. మా సిగ్నల్‌కి గంటన్నర పట్టింది. తీరా తెరిస్తే ముందు అకౌంట్ పెట్టుకోమంటోంది. మెయిల్, ఫోన్ నంబరు, పుట్టిన తేదీ అన్నీ అడుగుతోంది. ఇవ్వొచ్చా?

జవాబు: హార్మోనియం అమ్మే కొట్టాయన మన పుట్టిన తేదీ అడగడు కదా! గుడి అరుగు మీద నలుగురు పాడేది రికార్డు చేయడానికి అకౌంట్‌తో పనే లేదు. ఆ పనంతా మీ ల్యాప్‌టాప్‌లోనే జరిగిపోతుంది. పాటను ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ల సర్వర్‌లో, అంటే నెట్‌లో ఉండే వాళ్ల కంప్యూటర్‌లో దాచుకోవాలన్నా, వేరే ఊళ్లో ఉన్నవాళ్లతో కలిసి పనిచేయాలన్నా అకౌంట్ కావాలి. అవి రెండూ వద్దనుకునేవాళ్లనీ అడుగుతున్నారంటే, అది వాళ్ల అవసరమే. రేపు డబ్బులిచ్చి కొనే వెర్షన్ గురించి మెయిళ్లు పంపడానికి అడ్రసు కావాలి మరి.

మీ విషయంలో నాకు ప్రైవసీ కంటే సిగ్నల్ గురించే ఎక్కువ టెన్షన్. కేక్‌వాక్ అని పాత, మంచి సాఫ్ట్‌వేర్ ఉండేది. 2017లో దాని యజమాని గిబ్సన్ కంపెనీ దాన్ని ఆపేస్తే, 2018లో బ్యాండ్‌ల్యాబ్ అనే కంపెనీ తీసుకుని ఉచితంగా ఇచ్చింది. కాకపోతే వాళ్ల అకౌంట్‌తో లాగిన్ కావాల్సి వచ్చేది. యాక్టివేషన్ గడువు తీరాక నెట్‌లో మళ్లీ లాగిన్ కాకపోతే డెమో మోడ్‌లోకి పోయేది. అప్పుడు పాట వినపడేది, సేవ్ మాత్రం అయ్యేది కాదు. ధనుర్మాసం తెల్లవారుజామున, అందరూ శ్రుతి చూసుకుని కూర్చున్నాక ఈ సంగతి తెలిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మీకు ఆడాసిటీ చాలు. 2000 నుంచి ఉన్న ఓపెన్ సోర్స్ (లోపలి కోడ్ ఎవరైనా చూడగలిగే) సాఫ్ట్‌వేర్, రికార్డింగ్‌కి అకౌంట్ అడగదు. దానికీ ఒక మచ్చ ఉంది. 2021లో మ్యూజ్ గ్రూప్ అనే కంపెనీ చేతికి వెళ్లాక, వాడకం వివరాలు సేకరించే ఏర్పాటు పెట్టబోయారు. వాడేవాళ్లు గొడవ చేస్తే వెనక్కి తగ్గారు. ఆ జూలైలోనే వచ్చిన ప్రైవసీ పాలసీలో 13 ఏళ్లలోపు పిల్లలు వాడొద్దని రాసి మళ్లీ తిట్లు తిన్నారు, దాన్నీ మార్చుకున్నారు. అడిగేవాళ్లుంటే ఇలాంటివి మారతాయి.

వాడేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. కొత్త వెర్షన్లలో సేవ్ నొక్కగానే క్లౌడ్‌లోనా (అంటే నెట్‌లోనా), మీ కంప్యూటర్‌లోనా అని అడుగుతుంది. కంప్యూటర్ ఎంచుకోండి, అకౌంట్ మాట రాదు. పాట పూర్తయ్యాక వేవ్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ ఉంచుకోండి. డోలక్ తోడు లేని రోజు బీట్ కంప్యూటర్‌లో తయారు చేసుకోవాలంటే ఎల్‌ఎమ్‌ఎమ్‌ఎస్ (LMMS) అనే ఇంకో సాఫ్ట్‌వేర్ ఉంది, దానికీ లాగిన్ లేదు. గొంతు రికార్డింగ్‌కి మాత్రం అది పనికిరాదు.

లేదు, మీరు డౌన్‌లోడ్ చేసిందే కావాలంటారా? బ్యాంకుకి, ఆధార్‌కి ఇచ్చిన మెయిల్ ఇవ్వకండి. ఇలాంటి వాటికోసం ఇంకొకటి పెట్టుకోండి. నక్షత్రం గుర్తు (*) లేని గడి ఖాళీగా వదిలేయండి. నేనూ ఒకసారి ఏదో రిథమ్ యాప్‌లో, ముందే టిక్ పెట్టి ఉన్న గడి చూడకుండా ఓకే నొక్కాను. ఆరు నెలలు గిటార్ ఆఫర్లే. నాకు గిటార్ పట్టుకోవడం కూడా రాదు.

సందేహం: మా పాప తొమ్మిదో తరగతి. ఫోన్‌లో పాటల సాధనకని ఒక యాప్ వేసుకుంది. గూగుల్ లాగిన్, మైకు, కాంటాక్ట్స్ అడుగుతోంది. యాప్ తీసేస్తే సరిపోతుందా? (ఒంగోలు)

జవాబు: సరిపోదమ్మా. యాప్ తీసేసినా అకౌంట్ అక్కడే ఉంటుంది. యాప్‌లో అకౌంట్ తెరిచే వీలుంటే, డిలీట్ చేసే దారి కూడా ఉండాలన్నది ప్లే స్టోర్ నియమం. ముందు ఆ దారిలో అకౌంట్ తీసేయండి, తర్వాతే యాప్. ఉంచాలనుకుంటే మైకుకి 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' అని పెట్టండి. కాంటాక్ట్స్‌కి వద్దనండి, స్వరాలు పలకడానికి మేనమామ నంబరుతో పనేముంది? మన 2023 డేటా రక్షణ చట్టం లెక్కలో 18 ఏళ్లు నిండనివాళ్లు పిల్లలే, వాళ్ల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. అందుకే పాప వయసు పెంచి రాయకండి.