రోమన్ చరిత్ర ఎక్కడ మొదలుపెట్టాలి? క్రీ.పూ. 63 దగ్గర

మీ ప్రశ్న ఇది: లాటిన్ రాదు, ఇంగ్లీషులో చదవగలను, రోమ్ పుట్టుక నుంచి పతనం దాకా చెప్పే లావుపాటి పుస్తకం రెండుసార్లు మొదలుపెట్టి వంద పేజీల దగ్గర వదిలేశాను, చరిత్ర, రాజకీయం, సాహిత్యం మూడూ కావాలంటే ఏ వరుసలో చదవాలి?

ముందు రోమ్‌ను కట్టాడని చెప్పే రోములస్‌ని వదిలేయండి. ఆ తొలి శతాబ్దాల గురించి మనం చదివేదంతా వందల ఏళ్ల తర్వాత లివీ లాంటి చరిత్రకారులు రాసింది. పేర్లు వస్తుంటాయి, పోతుంటాయి, మనిషి మాత్రం కనబడడు. ఎవరైనా వదిలేసేది అక్కడే. వెయ్యేళ్లకు బదులు ఒక్క ఏడాది పట్టుకోండి. నేనైతే క్రీ.పూ. 63 అంటాను. ఆ ఏడాది వక్త సిసిరో కాన్సల్, అంటే ఏడాదికోసారి ఎన్నికయ్యే అత్యున్నత పాలకుడు. ఎన్నికల్లో ఓడిన కాటిలైన్ ప్రభుత్వాన్ని కూలదోసే కుట్రకు దిగాడు. జూలియస్ సీజర్ పోంటిఫెక్స్ మాక్సిమస్, అంటే ప్రధాన పురోహితుడిగా ఎన్నికయ్యాడు. సెప్టెంబరు 23న, తర్వాత ఆగస్టస్ పేరుతో మొదటి చక్రవర్తి కాబోయే ఆక్టేవియస్ పుట్టాడు. పైగా ఈ ఏడాదికి సిసిరో సొంత ప్రసంగాలున్నాయి, ఇరవై ఏళ్ల తర్వాత సాలస్ట్ రాసిన చిన్న చరిత్ర ఉంది, ఇంకో నూట యాభై ఏళ్లకు గ్రీకులో ప్లూటార్క్ రాసిన జీవితచరిత్రలున్నాయి. ఒకే గొడవకు ముగ్గురు సాక్షులు దొరకడం రోమన్ చరిత్రలో అరుదు.

సాలస్ట్‌తో మొదలుపెట్టండి. మొత్తం 61 చిన్న అధ్యాయాలు, రెండు మూడు రోజుల పని. మొదటి నాలుగూ నీతిబోధ, తర్వాత చదువుకోవచ్చు. అయిదో అధ్యాయంలో కాటిలైన్ వస్తాడు. 6 నుంచి 13 దాకా మళ్లీ పక్కదారి. దాని తర్వాత కాటిలైన్ మీద సిసిరో చేసిన నాలుగు ప్రసంగాలు, ఆపైన ప్లూటార్క్ రాసిన సిసిరో జీవితంలో 10 నుంచి 23 అధ్యాయాలు. చదివేటప్పుడు పేజీ నంబరు కాకుండా అధ్యాయం నంబరు రాసుకోండి. ఏ అనువాదంలోనైనా అవే నంబర్లు, పేజీలు మాత్రం మారతాయి. సిసిరో ఉత్తరాలకు మాత్రం జాగ్రత్త: పాత వరుస నంబరు ఒకటి, తేదీల ప్రకారం పేర్చిన కొత్త నంబరు ఒకటి. రెండూ రాసుకోకపోతే తర్వాత దొరకవు. లోబ్ అనే అనువాదాల వరుసలోని పుస్తకాల్లో ఒక పక్క మూలం, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉంటాయి. ఎర్ర అట్ట లాటిన్, ఆకుపచ్చ అట్ట గ్రీకు. కాపీరైట్ తీరిన పాత ముద్రణలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితం.

ఇప్పుడు అసలు పని. డిసెంబరు 5న, పట్టుబడిన అయిదుగురు కుట్రదారులను ఏం చేయాలని సెనేట్ చర్చించింది. చంపొద్దన్నాడు సీజర్. మరేం చేయమన్నాడు? సాలస్ట్ 51వ అధ్యాయంలో ఆస్తులు జప్తు చేసి ఇటలీ పట్టణాల్లో బంధించి ఉంచాలని, ఆ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తకూడదని. సిసిరో నాలుగో ప్రసంగంలోనూ యావజ్జీవ బంధనమే. ప్లూటార్క్ దగ్గరికొస్తే, కాటిలైన్ ఓడిపోయేదాకా మాత్రమే. జీవితాంతం జైలు, యుద్ధం అయ్యేదాకా జైలు ఒకటి కావు. మొదటిది శిక్ష, రెండోది రిమాండు లాంటిది. ఇలాంటి తేడాలకు ఒక నోట్‌బుక్ పెట్టి, మూడు గడులు గీసి, ఎవరేమన్నారో పక్కపక్కన రాయండి. పది తేడాలు పట్టేసరికి చరిత్ర చదవడం అంటే ఏమిటో చేతికి అందుతుంది.

సాక్షుల స్వార్థం కూడా ఆ గడుల్లోనే రాయాలి. సాలస్ట్ సీజర్ మనిషి. సిసిరో తన కాన్సల్ ప్రసంగాలను కట్టగా చేర్చి స్నేహితుడు ఆటికస్‌కు పంపుతున్నానని రాసింది క్రీ.పూ. 60లో. అప్పటికే, విచారణ లేకుండా ఆ అయిదుగురు పౌరులను చంపించాడన్న ఆరోపణ అతని మెడకు చుట్టుకుంది. గయస్ గ్రాకస్ చట్టం ప్రకారం ప్రజల ఆజ్ఞ లేకుండా పౌరుడికి మరణశిక్ష కుదరదు. సెనేట్ అక్టోబరు 21న చేసిన అత్యవసర తీర్మానం చట్టం కాదు, కాన్సల్స్‌కు ఇచ్చిన సలహా. అందుకే క్రీ.పూ. 58లో రాజకీయ శత్రువు క్లోడియస్ సిసిరోను దేశం దాటించగలిగాడు. నాలుగో ప్రసంగంలో వాళ్లు పౌరులే కారు, శత్రువులు అన్న వాదన ఎందుకు అంత గట్టిగా ఉందో ఇప్పుడు ఆలోచించండి. సభలో అన్నది ఎంత, మూడేళ్ల తర్వాత దిద్దింది ఎంత? ఉత్తరాలతో సరిచూద్దామంటే, 900కు పైగా మిగిలిన వాటిలో 63 నాటిది ఒక్కటీ లేదు.

అందరూ తడబడేది పదవుల దగ్గర. కాన్సల్స్ ఇద్దరు, జనవరి 1న పదవిలోకి వస్తారు. ట్రిబ్యూన్లు, అంటే సామాన్య ప్రజల ప్రతినిధులు, పదిమంది, వాళ్లు వచ్చేది డిసెంబరు 10న. ఈ మూడు వారాల తేడా తెలియకపోతే ఏడాది చివర్లో కొత్త ట్రిబ్యూన్ మెటెల్లస్ నెపోస్ ఎక్కణ్నుంచి ఊడిపడి సిసిరో వీడ్కోలు ప్రసంగాన్ని ఆపాడో అర్థం కాదు. సెనేట్‌లో మాట్లాడే వరుస కూడా హోదాను బట్టే: ముందు కాబోయే కాన్సల్, ఆ తర్వాతే కాబోయే ప్రీటర్ (కాన్సల్ కింది పదవి) సీజర్, ఆ కిందెక్కడో కాబోయే ట్రిబ్యూన్ కేటో. అంత వెనక లేచిన మనిషి సభను మరణశిక్ష వైపు తిప్పేశాడన్నది అందుకే విశేషం.

ఓట్ల లెక్క చూడకుండా ప్రజాస్వామ్యం అన్న మాట వాడకండి. కాన్సల్స్‌ను ఎన్నుకునే సభలో 193 సెంచురీలు, అంటే ఓటర్ల బృందాలు, సెంచురీకి ఒక ఓటు. లివీ చెప్పిన పాత పద్ధతిలో అశ్వికులవి 18, మొదటి తరగతి ధనికులవి 80, కలిపితే 98. మెజారిటీకి 97 చాలు. ఆస్తిలేని వాళ్లందరికీ కలిపి ఒక్కటే సెంచురీ. తర్వాత మొదటి తరగతిని 70కి తగ్గించినా, మెజారిటీ రాగానే లెక్క ఆపేసేవాళ్లు. ఓటుకు నోటు సంగతి కావాలంటే మురేనా తరఫున సిసిరో వాదన చదవండి. ఎన్నికల లంచాల మీద శిక్ష పెంచుతూ ఆ ఏడాది చట్టం తెచ్చిందీ సిసిరోయే, అదే ఏడాది ఆ నేరారోపణ ఎదుర్కొన్న మురేనాను కాపాడిందీ సిసిరోయే. మనకేమీ కొత్తగా అనిపించదు.

పేర్లు తెలుగువాళ్లకు నిజానికి తేలిక. మార్కస్ టుల్లియస్ సిసిరోలో మధ్యది ఇంటిపేరు లాంటిది, కూతురు టుల్లియా. దత్తత వెళితే ఇంటిపేరు మారుతుంది. ఆగస్టస్ అసలు పేరు ఆక్టేవియస్, సీజర్‌కు దత్తత వెళ్లిన తర్వాత గయస్ జూలియస్ సీజర్ అయ్యాడు కాబట్టి క్రీ.పూ. 44 తర్వాతి రాతల్లో సీజర్ అని కనబడితే ఏ సీజరో ప్రతిసారీ చూసుకోండి.

రోమన్లు తేదీలు వెనక్కి లెక్కించేవాళ్లు, రెండు కొసలనూ కలుపుకొని. కాటిలైన్ అనుచరుడు మాన్లియస్ ఆయుధాలు పట్టే రోజుగా సిసిరో చెప్పింది నవంబరు కాలెండ్స్‌కు, అంటే నెల మొదటి రోజుకు, ముందు ఆరో రోజు. నవంబరు 1, అక్టోబరు 31, 30, 29, 28, 27. ఆరోది 27. మామూలు తీసివేత చేస్తే 26 వచ్చి తప్పుతారు. అప్పటి ఏడాదికి 355 రోజులే, అధికమాసం కలిపేది పురోహితులు. వాళ్లు సరిగ్గా కలపక, క్రీ.పూ. 46ను సీజర్ 445 రోజులకు సాగదీయాల్సి వచ్చింది. క్రీ.పూ. నుంచి క్రీ.శ.కు వయసు లెక్కించేటప్పుడు సున్నా సంవత్సరం లేదని గుర్తుంచుకోండి: 63లో పుట్టి క్రీ.శ. 14 ఆగస్టులో పోయిన ఆగస్టస్‌కు నిండింది 75, 76 కాదు.

సాహిత్యానికి మీకున్న ఆధిక్యం ఛందస్సు. వర్జిల్ ఈనియడ్ మొదటి పాదం తెలుగు లిపిలో గణాలుగా విరవండి: అర్మవి | రుమ్‌క్వెక | నోత్రోయ్ | యైక్వీ | ప్రీముస | బోరీస్. భ, భ, గగ, గగ, భ, గగ. అంతే, హెక్సామీటర్ అంటే ఆరు గణాలు, మొదటి అయిదూ ఒక్కోటి భగణమో గగమో, ఆరోది ఎప్పుడూ రెండక్షరాలే. అయిదోది దాదాపు ఎప్పుడూ భగణం. ఇంగ్లీషు ద్వారా నేర్చుకునేవాళ్లు గురులఘువులు పట్టుకోవడానికే నెలలు తీసుకుంటారు. రెండు చోట్ల మన అలవాటు మోసం చేస్తుంది. క్వ లాటిన్‌లో ఒకే హల్లు, దాని ముందు అక్షరం గురువు కాదు: నీళ్లు అనే అక్వలో అ లఘువే. ఇక పదం చివరి అచ్చు తర్వాత అచ్చు వస్తే మొదటిది లెక్కలోంచి పోతుంది, కానీ మన సంధిలా రాతలో కలవదు. గణం పొసగకపోతే ముందు అక్కడ వెతకండి.

ఆ ఏడాది పూర్తయ్యాక ఒక నాణెం చదవండి. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో ఆగస్టస్, అతని తర్వాతి చక్రవర్తి టైబీరియస్‌ల వెండి దినారియస్ నాణేల రాశి దొరికింది. మన దేశంలో తరచుగా దొరికే టైబీరియస్ రకం మీద ఒకవైపు కుదించిన మాటల్లో ఉండేది: టైబీరియస్ సీజర్, దేవుడైన ఆగస్టస్ కొడుకు, ఆగస్టస్. నిజానికి దత్తపుత్రుడు. రెండోవైపు కూర్చున్న స్త్రీ, పక్కన పోంటిఫ్ మాక్సిమ్ అని రెండు ముక్కలు. క్రీ.పూ. 63లో సీజర్ ఓట్లతో గెలుచుకున్న పదవి అదే.