మీ కల్పనలో ఉత్తరపు అడవి

ప్రశ్న: ఫాంటసీ నవల రాస్తున్నాను. అందులోని అడవికి ఫిన్లాండ్ అడవులే ఆధారం. మంచు, పైన్ చెట్లు, తోడేళ్లు అన్నీ పెట్టినా క్యాలెండర్ బొమ్మలాగే ఉంది. అక్కడి సంగీతం వింటూ రాస్తే మేలా?

జవాబు: వినడం మేలే, వింటూ రాయడం కాదు. అయితే ముందు వెలుతురు సరిచేసుకోండి. 65 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు రెండు డిగ్రీల ఎత్తుకు రాడు. పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి విషువత్తు నాటికి 25 డిగ్రీలకు చేరతాడు. పది డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు 20 మీటర్ల చెట్టు నీడ చదును నేల మీద 113 మీటర్లు సాగుతుంది. అంటే వెలుగు పైనుంచి దిగదు, పక్కనుంచి మానుల సందుల్లో దూరి వస్తుంది. పైన్ మాను పైభాగంలో బెరడు నారింజ రంగులో మెరుస్తుంటే, కింద మంచు నీలంగా ఉంటుంది. ఆ నీడల్లో ఒక్కటి ఏ చెట్టుదీ కాకపోతే చాలు, కథ మొదలైనట్టే.

ఇక స్ప్రూస్, పైన్ లాంటి సూదాకుల చెట్టు. దాని వేళ్లు లోతుకు దిగవు. గాలికి కూలితే వేళ్లు పట్టుకున్న నేలంతా గోడలా నిటారుగా లేస్తుంది, వెనక గుంత మిగులుతుంది. పాతాళానికి దారి కావాలా? అదే చాలు.

సంగీతానికి ఫిన్లాండ్ స్వరకర్త సిబేలియస్ 1926లో వాద్యబృందం కోసం రాసిన ‘తాపియోలా’ తీసుకోండి. ఫిన్నుల వనదేవుడు తాపియో నివాసమని ఆ పేరుకు అర్థం. దాదాపు కృతి అంతా మొదట్లో వినిపించే చిన్న స్వరగుచ్ఛం నుంచే పెరుగుతుంది. అడుగున దీర్ఘస్వరాలు శ్రుతిలా నిలిచి ఉంటాయి. మొదటిసారి ఊరికే వినండి. రెండోసారి ఆ గుచ్ఛం మారినప్పుడల్లా నిమిషం, వాద్యం రాసుకోండి. ఆ తర్వాత సంగీతం ఆపేసి రాయండి. మోగుతూ ఉంటే దానిలోని భయం మీ వాక్యంలో ఉందని భ్రమపడతారు.

మీ రాతలో శ్రుతికి బదులు మారనిది ఒకటి పెట్టుకోండి, బురదనేల వాసన లాంటిది. స్వరగుచ్ఛానికి బదులు విరిగిన కొమ్మ. నాలుగుసార్లు కనిపించాలి: ఎండినది, జిగురు కారుతున్నది, ఇప్పుడే విరిగినది, చివరికి మనిషి చెయ్యి అందనంత ఎత్తున విరిగినది. పేరాకో కొత్త వింత పెడితే ఏదీ తిరిగి రాదు. బొమ్మలా అనిపించేది అందుకే.

ప్రశ్న: నా పాత్ర పాడే పాటకు యోయిక్ వాడవచ్చా? అదే, అక్కడి ఉత్తరపు ఆదివాసులైన సామీల సంప్రదాయ గానం.

జవాబు: ఉన్నదాన్ని ఎత్తి పెట్టకండి. యోయిక్ ఒక మనిషి గురించి పాడేది కాదు, ఆ మనిషినే పాడేది అంటారు సామీలు. దాన్ని కథలో ఇంకొకరి నోట పెట్టడం సబబు కాదు. ఫిన్నుల పాత పాటల కట్టడి మాత్రం మీకు పనికొస్తుంది: పాదానికి ఎనిమిది అక్షరాలు, గురువు వెంట లఘువు, పదాల మొదట్లో అదే హల్లు, మొదటి పాదం చెప్పినదే రెండోది వేరే మాటల్లో చెప్పడం. బాణీ కూడా అయిదు స్వరాలు దాటనివ్వకండి. పాతకాలపు కాంటెలె వాద్యానికి ఉన్నవి అయిదు తీగలే. తెలుగులో ఇలా వస్తుంది:

మంచు మాటు మాను లేచె
మబ్బు చాటు మోడు లేచె