టేకు పలకల కింద మేకులా, స్క్రూలా?

ప్రశ్న: కాంక్రీటు నేల మీద రీపర్లు (పలకల కింద వేసే చెక్క పట్టీలు) బిగించి టేకు పలకలు వేయిస్తున్నాం. వడ్రంగి కాంక్రీటు మేకులు చాలంటున్నాడు. సరిపోతాయా?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: వద్దండీ. మేకు కొట్టినప్పుడు చుట్టూ కాంక్రీటు చిట్లుతుంది. వానాకాలం చెక్క ఉబ్బి, ఎండాకాలం కుంచించుకునే కొద్దీ మేకు వదులై, నడిచినప్పుడల్లా కిర్రుమంటుంది.

25 మి.మీ. మందం రీపరుకు 8 మి.మీ. లావు, 80 మి.మీ. పొడవు నైలాన్ ఫ్రేమ్ ప్లగ్ (రీపరు గుండా కాంక్రీటులోకి దిగి స్క్రూను పట్టి ఉంచే గొట్టం), దాని జింకు పూత స్క్రూ వాడండి. తేమ తగిలే నేలైతే స్టెయిన్‌లెస్ స్క్రూలే తీసుకోండి, ఖర్చుకు వెనకాడకండి. రీపరు మీదుగానే 8 మి.మీ. బిట్‌తో, ప్లగ్ కంటే 10 మి.మీ. లోతుగా రంధ్రం వేయించండి. అందులోని పొడి ఊదేయకపోతే ప్లగ్ పూర్తిగా దిగదు. చాలాచోట్ల జరిగే తప్పు ఇదే. స్క్రూకూ స్క్రూకూ మధ్య 40–45 సెం.మీ. దూరం చాలు.

శ్లాబు మీద సిమెంటు, ఇసుకతో పరిచిన పొర (బెడ్) ఉంటే దాని మందం కలిపి పొడవైన ప్లగ్ కొనండి. ఆ బెడ్‌కు పట్టు ఉండదు, ప్లగ్ కనీసం 50 మి.మీ. అసలు శ్లాబులో దిగాలి. డ్రిల్ పెట్టేముందు కరెంటు పైపులు ఎటు పోయాయో చూసుకోండి.

పలకలను మాత్రం రీపర్లకే బిగించాలి, గోడ దగ్గర 10 మి.మీ. ఖాళీ వదిలి.