మొదటి మెటల్ లేత్: చిన్న కొత్తదా, పెద్ద పాతదా?

ఇంటి వర్క్‌షాప్‌కి కొత్త మినీ లేత్ (లోహపు ముక్కని తిప్పుతూ టూల్‌తో కోసే యంత్రం) కొనాలా, సెకండ్ హ్యాండ్‌లో పెద్దది కొనాలా అన్నది ప్రశ్న. దింపి పెట్టుకునే చోటు ఉండి, త్రీ ఫేజ్ మోటార్ (ఇంట్లోని మామూలు సింగిల్ ఫేజ్ కరెంటుతో నేరుగా నడవదు) సంగతి చూసుకోగలిగితే నా ఓటు పెద్దదానికే. తేలికపాటి మెషిన్ మీద స్టీలు కోస్తుంటే టూల్ అదిరిపోయి ఫినిషింగ్ పాడవుతుంది.

లేత్ వివరాల్లో 180 మి.మీ. స్వింగ్ అని ఉంటే, అది బెడ్ (లేత్ పొడవునా ఉండే ఇనుప పట్టాల దిమ్మ) మీద తిరగగల ముక్క వ్యాసం. క్రాస్ స్లైడ్ (టూల్‌ని అడ్డంగా జరిపే భాగం) మీదుగా తిరిగే ముక్కకి అంత దొరకదు, చాలా తక్కువ. స్పిండిల్ (ముక్కని తిప్పే ఇరుసు) రంధ్రం కూడా కొలవండి, పొడవు రాడ్లు అందులో దూరాలి.

పాతదైతే క్యారేజ్‌ని (టూల్‌ని మోస్తూ బెడ్ మీద జరిగే భాగం) చక్ (ముక్కని పట్టుకునే బిగింపు) దగ్గర లూజు లేకుండా సర్ది, అవతలి చివరనున్న టెయిల్‌స్టాక్ వైపు జరపండి. అక్కడ బిగుసుకుపోతే చక్ దగ్గర బెడ్ అరిగినట్టే. దాన్ని మళ్లీ గ్రైండ్ చేయించడం ఖరీదైన వ్యవహారం, వదిలేయండి. హ్యాండిల్ కాస్త వట్టిగా తిరిగితే మాత్రం టెన్షన్ వద్దు, అది దాదాపు ప్రతి లేత్‌కీ ఉంటుంది.

డబ్బంతా మెషిన్‌కే పెట్టేయకండి. టూల్స్, ఫోర్ జా చక్ (నాలుగు దవడలది), డ్రిల్ చక్, మైక్రోమీటర్ ఖర్చు తక్కువేం కాదు. మార్చే గేర్ల సెట్ పూర్తిగా ఉందో లేదో అడగండి, లేకపోతే కావలసిన పిచ్‌లో (మరకీ మరకీ మధ్య దూరం) మరలు కోయలేరు.