పదకొండో పేజీ గురించి

చిరంజీవి నాయనకు,

ఆశీస్సులు. నీ కథ అందింది. మొదటిసారి మూడో పేజీ దగ్గర కోపమొచ్చి ఆపేశాను. నాలుగు రోజులాగి మళ్ళీ మొదటినుంచి చదివాను. భాష బాగుంది. ఇక అసలు సంగతికి వస్తాను.

మూడో పేజీలో నీ హీరో డాలస్‌లో కిటికీ దగ్గర నిలబడి, కాఫీ తాగుతూ, "ప్రవాసమంటే వనవాసమే" అనుకుంటాడు. ఆ మాట రాసేముందు రామాయణం ఒకసారి గుర్తు చేసుకోవాల్సింది. రాముడికి పద్నాలుగేళ్ళని ముందే చెప్పి పంపారు. ఆయన పాదుకలు సింహాసనం మీద పెట్టి, నందిగ్రామంలో ఉండి రాజ్యం కాపాడటానికి భరతుడున్నాడు. పాండవులకూ పన్నెండేళ్ళ అరణ్యవాసం, ఒక ఏడాది అజ్ఞాతవాసం అని లెక్కుంది. కష్టమే, కాదనను. కానీ గడువున్న కష్టం. పద్నాలుగేళ్ళు పూర్తయ్యాక రాముడు తిరిగొస్తే అయోధ్య ఉన్నచోటే ఉంది. అది లేకపోతే ఆ కథ ఎలా ముగిసేదో ఎవరూ రాయలేదు.

నాకెందుకింత కోపమంటే, మాది ముంపు ఊరు. శ్రీశైలం డ్యాముకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసినప్పుడు నేను చిన్నవాణ్ణి. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు ఊళ్ళో అందరూ ఇదిగో ముంపు, అదిగో ముంపు అనుకుంటూనే పెళ్ళిళ్ళు చేశారు, బావులు తవ్వారు, గోడలకు సున్నం కొట్టారు. 1981 ఎండాకాలంలో ఇళ్ళు కూలగొట్టడానికి మనుషులు దిగారు. దానికి "ఆపరేషన్ డిమాలిషన్" అని పేరు కూడా పెట్టారు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కృష్ణ ఒడ్డునున్న ఊళ్ళు ఒకదాని తర్వాత ఒకటి పోయాయి. మా నాయన ఇంటి ద్వారబంధం ఊడబెరికి, బండి మీద వేసుకుని ముంపువాళ్ళ కొత్త కాలనీకి తెచ్చాడు. టేకుది, మా తాత చేయించింది. కాలనీలో కట్టుకున్న ఇంటి గోడ దానికంటే పొట్టి. కోసి బిగిద్దామని వడ్రంగి అన్నాడు. నాయన ఒప్పుకోలేదు. అది వేపచెట్టుకు ఆనించి ఉండేది. ఆయన పోయేదాకా అక్కడే ఉంది.

ఈ సంగతే 1984లో కథ రాసి ఒక వారపత్రికకు పంపాను. "పాత్రల్లో ఆశావాదం లోపించింది" అని చీటీ పెట్టి తిప్పి పంపారు. ఇంకో సంపాదకుడు, ఇప్పుడు లేడు, పేరు చెప్పను, చివర్లో డ్యాము దీపాలు వెలుగుతున్నట్టు మారిస్తే వేస్తానన్నాడు. మార్చలేదు. ఆ కథ అచ్చు కాలేదు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ వారపత్రికే ప్రవాస ప్రత్యేక సంచిక వేస్తూ, "మీ ఊరి జ్ఞాపకాలు, వంటలు, పండగలు" మీద రెండు పేజీలు రాసిమ్మని ఫోన్ చేసింది. మట్టి వాసన ఉండాలట. నాకే అధికారముంటే తెలుగు కథలో ఆ రెండు మాటలూ పక్కపక్కన కనబడకుండా జీవో ఇస్తాను. నీ కథలో ఐదుసార్లు వచ్చాయి. లెక్కపెట్టాను.

జీవో అంటే గుర్తొచ్చింది. 1986లో జీవో 98 వచ్చింది. శ్రీశైలం ముంపులో ఇల్లూ భూమీ పోయిన కుటుంబంలో ఒకరికి ఉద్యోగం. మా తమ్ముడు కాగితాలన్నీ పట్టుకుని ఒక ఆఫీసుకు వెళ్ళాడు. ఫలానా ఊళ్ళో నివాసముండేవాడని ఆ ఊరి సర్పంచి సంతకం కావాలన్నాడు అక్కడి గుమాస్తా. ఊరే నీళ్ళలో ఉంటే సర్పంచి ఎక్కడుంటాడు సారూ అంటే, "ఆ కాలమ్ ఖాళీగా ఉంటే ఫైలు కదలదు" అన్నాడు. గుమాస్తా చెడ్డవాడు కాదు, మా తమ్ముడికి టీ కూడా ఇప్పించాడు. తమ్ముడు అలా పదకొండేళ్ళు తిరిగాడు. చివరికి వయసు మీరిపోయింది.

అప్పటినుంచీ నాకొక అభిప్రాయం పట్టుకుంది, మొండితనమనుకున్నా సరే. బెంగ హాస్టల్లో చేరిన పిల్లవాడికీ ఉంటుంది, అత్తారింటికి వెళ్ళిన పిల్లకూ ఉంటుంది. ఊరు లేనివాడి పని వేరు. నేను ఫలానా చోటివాణ్ణి అని వాడు బతికినన్నాళ్ళూ ఎవరికో ఒకరికి రుజువు చూపించాలి, ఆ రుజువేమో వాడి చేతిలో ఉండదు. చివరి మొగలు పాదుషా బహదూర్ షా జఫర్‌ని 1858లో ఇంగ్లీషువాళ్ళు ఢిల్లీ నుంచి బర్మాలోని రంగూన్‌కు పంపారు. 1862లో అక్కడే పోయాడు. సమాధి ఎక్కడుందో తెలియకుండా నేల చదును చేశారు. 1991లో తవ్వుతుంటే బయటపడింది. ఆ ఇంగ్లీషువాళ్ళే 1885లో బర్మా రాజు థీబాను మాండలేలో గద్దె దించి, ఆ తర్వాత మహారాష్ట్రలోని రత్నగిరికి తెచ్చారు. ఆయన 1916లో అక్కడే పోయాడు. ఇక్కడి రాజును అక్కడికి, అక్కడి రాజును ఇక్కడికి! రాజులకే దిక్కులేదు, మా తమ్ముడి కాలమ్ ఎవరు నింపుతారు?

పేపర్లో రోజూ శ్రీశైలం నీటిమట్టం వేస్తారు చూడు, నేను ముందు చదివేది అదే. 885 అడుగులంటే నిండుకుండ. ఆ రోజు సీమ రైతులతో పాటు నేనూ సంతోషపడతాను. మా అల్లుడి చేనుకు పారేది ఆ నీళ్ళే మరి. నీళ్ళు తగ్గుతుంటే వేరే సంతోషం. ఎండాకాలానికి సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, జనం బండ్లు కట్టుకుని వెళ్ళి వేపలింగానికి మొక్కుతారు, ఫొటోలు దిగుతారు. మా ఊరి పునాదులూ తేలతాయి. తేలిన ఒండ్రులో మావాళ్ళే కొందరు విత్తనం చల్లుకుంటారు.

ఐదారేళ్ళ కింద మనవణ్ణి తీసుకెళ్ళి, ఇదిరా మనిల్లు, ఇదిగో వంటిల్లు, ఇక్కడే నేను పుట్టాను అని చూపిస్తున్నాను. మా బావమరిది వెనకనుంచి వచ్చి, "బావా, అది మా గొడ్లకొట్టం. మీ ఇల్లు ఇంకా తూర్పుకు" అన్నాడు. నేనొప్పుకోలేదు. ఆయనా ఒప్పుకోలేదు. డెబ్బై ఏళ్ళ ముసలాళ్ళిద్దరం మోకాలెత్తు రాళ్ళ మధ్య నిలబడి అరుచుకున్నాం. కొలుద్దామంటే రచ్చబండ రాళ్ళు ఎవరో ఎత్తుకుపోయారు. మనవడు ఫోనులో మ్యాపు తెరిచి చూస్తే అంతా నీలం రంగే. ఆ రోజు మాటామాటా పెరిగి రెండేళ్ళు మాట్లాడుకోలేదు. ఆయన చెప్పిందే నిజమేమోనని ఇప్పుడనిపిస్తోంది.

ఇదంతా చెప్పి నీ డాలస్‌ను కొట్టిపారేద్దామనే కూర్చున్నాను. టికెట్ కొనుక్కుని రాగలిగినవాడు నిర్వాసితుడెలా అవుతాడని రాద్దామనుకున్నాను. నీ పదకొండో పేజీ నా నోరు మూయించింది. "నాన్న పోయినప్పుడు స్టాంపింగ్ భయంతో వెళ్ళలేదు. వీడియో కాల్‌లో చూశాడు." రెండు వాక్యాలు. కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను. ఆ తర్వాత పేరాలో నువ్వు ఆవకాయ జాడీ దగ్గరికి వెళ్ళిపోయావు! కథ అక్కడుంటే నువ్వు జాడీలో ఏం వెతుకుతున్నావు నాయనా?

వీసా ముద్ర గడువు దాటితే ఇక్కడికొచ్చి మళ్ళీ కాన్సులేట్ ముందు నిలబడాలనీ, తేదీ దొరక్కపోతే ఉద్యోగమూ ఇల్లూ అక్కడ, మనిషి ఇక్కడ చిక్కుకుంటాడనీ మా అల్లుడి తమ్ముడు చెప్పాడు. అయితే ఆ రాత్రి నీ హీరో ఏ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు? ఎవరికి ఫోన్ చేసి అడిగాడు? "వెళ్ళు, ఏం కాదు" అన్నవాళ్ళెవరు, "వద్దు" అన్నవాళ్ళెవరు? శ్మశానంలో ఫోను పట్టుకున్నదెవరు, చెయ్యి వణికిందా, చార్జింగ్ ఉందా? తలకొరివి ఎవరు పెట్టారు? మర్నాడు ఆఫీసు మీటింగులో ఏం మాట్లాడాడు? ఇందులో ఒక్కటీ లేదు. మంచు కురవడం మాత్రం రెండు పేజీలుంది. మంచు తీసెయ్. జాడీ తీసెయ్. వనవాసం ఎలాగూ తీసేస్తావు.

అది నువ్వు ఊహించి రాశావా, నీకే జరిగిందా అని అడగను. నీ ఉత్తరంలో నాన్నగారి పేరు ముందు "కీర్తిశేషులు" అని చూశాను.

కలం పేరు పెట్టుకోవాలా, యాసలో రాయాలా, పుస్తకం ఎవరు వేస్తారు అని అడిగావు. వాటి సంగతి ఇంకోసారి.

తిరగరాశాక పోస్టులోనే పంపు, ఫోనులో చదవలేను. అడ్రసులో ఊరి పేరుకు ముందు "కొత్త" అని తప్పకుండా రాయి. అది లేకపోతే వెనక్కి పోతుంది. నేను రాసేటప్పుడు ఎప్పుడూ మర్చిపోతుంటాను, పోస్టుమ్యాన్ తిడతాడు.

ఉంటాను.